నాపరాయి చేసిన నేరమేమిటి?

పల్నాడులో ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్లు ఇంటి ముందు వసారాకో, మేడ మీద కూర్చునే చోటుకో నేల ఏం వేయిద్దామని అడిగితే ఒకటే సమాధానం వస్తోంది. ఇంటీరియర్ పని చేసేవాడు అదే చెబుతాడు, టైల్స్ షాపువాడు అదే చెబుతాడు, అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియో కాల్‌లో అదే చెబుతాడు. “మన ఎండకు, మన ముసురుకు రాయి పనికిరాదు. డెక్ వేయించండి. డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన (వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్) పలకలైతే చెద పట్టవు, కుళ్లవు, జారవు, రంగు పోవు. అంత ఖర్చు ఎందుకనుకుంటే విట్రిఫైడ్ టైల్స్ వేయించండి. నాపరాయా? అది గొడ్ల చావిడికి, స్నానాల గదికి.” నరసరావుపేటలో, పిడుగురాళ్లలో, సత్తెనపల్లిలో కొత్త మేడల మీద ముదురు గోధుమరంగు ప్లాస్టిక్ చెక్క కనిపిస్తోందంటే కారణం ఈ మాటే. చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు, అడ్డు ప్రశ్న వేసేవాళ్లు లేరు. అందుకని అది నిజంగా చెలామణీ అవుతోంది.

అది నిజం కాదు. ఈ జిల్లా ఎండకు, వానకు, ఇక్కడి ఇళ్ల కట్టుబడికి, మనం ఆ నేల మీద చేసే పనులకు అందుబాటులో ఉన్నవాటన్నిటిలో బాగా తగినది నాపరాయే. పాలిష్ పెట్టని రాయి, వాలు చూసి పరిచిన రాయి, పైన నీడ ఉన్న రాయి. ఈ మూడు షరతులూ తీసేసి రాయిని తప్పుపడుతున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వరస.

ముందు ఆ రాయి ఎక్కడిదో గుర్తు చేసుకుందాం. పల్నాడు నేల చాలా భాగం సున్నపురాయి మీద ఉంది. కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయి ఇది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాని మీదే బతుకుతున్నాయి. 1958లోనే మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం వచ్చిందంటే దానికోసమే. ఆ పొరల్లో గట్టివి, సన్నవి పలకలుగా విడిపోతాయి. క్వారీలో పనివాడు పొర సందు చూసి ఉలి పెట్టి సుత్తితో వరసగా కొట్టుకుంటూ పోతే బండ దానంతట అదే చదునుగా లేస్తుంది. రంపం పెట్టాల్సింది అంచులకే. మాచర్ల బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ అని మనం పిలిచేవన్నీ ఈ జాతివే. కాల్చే పని లేదు, కరిగించే పని లేదు, అచ్చు పోసే పని లేదు. చదునైన నేలను భూమే తయారు చేసి పెట్టింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? ఈ రాయి మాచర్లలో కాక ఇటలీలో దొరికి ఉంటే మన షోరూముల్లో దానికో గాజు అలమరా ఉండేది. ఇప్పుడు కూడా ఒక తమాషా చూడవచ్చు. నాపరాయి వద్దని పంపించిన షాపులోనే నాపరాయి బొమ్మ అచ్చేసిన టైలు ఎన్నో రెట్ల ధరకు అమ్ముతున్నారు.

ఇక డెక్ సంగతి. అది పుట్టిన చోట దానికి అర్థం ఉంది. అమెరికాలో ఇళ్లు చెక్కతో కడతారు. ఇంటి వెనక నేల చాలాచోట్ల ఎగుడుదిగుడు. చలి ఎక్కువున్న రాష్ట్రాల్లో శీతాకాలంలో నేల గడ్డకట్టి, ఉబ్బి, మళ్లీ కరుగుతుంది. అలాంటి చోట రాళ్లు పరిస్తే పైకి లేచిపోయే ప్రమాదం ఉంది కాబట్టి గుంజలు పాతి, వాటి మీద చెక్క పలకలు కొట్టి, ఇంటి గడప ఎత్తుకు ఒక అరుగు లేపుకున్నారు. అక్కడ చవకగా దొరికేది పైన్ చెక్క. అది కుళ్లకుండా ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు. పిల్లలు ఆడుకునే చోట ఆ విషం ఎందుకన్న ఆందోళన పెరిగి, 2003 చివరితో ఇళ్లకు వాడే చెక్కలో ఆ మందు ఆగిపోయింది. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు 1990లలో బజారుకెక్కాయి, ఆ తర్వాత అవి ఊపందుకోవడానికి ఇదంతా దారి వేసింది. అంటే ఆ సరుకు అక్కడ గెలిచింది కుళ్లిపోయే పైన్ చెక్క మీద. నాపరాయితో దానికి పోటీయే జరగలేదు.

మన వాళ్లు డాలస్‌కో హ్యూస్టన్‌కో వెళ్లి ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వస్తారు. సాయంత్రం పూట ఆ చెక్క అరుగు మీద కూర్చుని టీ తాగుతారు. బాగుంటుంది, కాదనను. తిరిగొచ్చి అదే హాయి నరసరావుపేట మేడ మీద కావాలంటారు. అక్కడ డెక్ కింద ఉన్నది గాలి, మట్టి. ఇక్కడ డెక్ కింద ఉండబోయేది సిమెంటు కప్పు. అక్కడ అది ఎగుడుదిగుడు నేలకు పరిష్కారం. ఇక్కడ మేస్త్రీ అప్పటికే చదును చేసి ఇచ్చిన కప్పు మీద మళ్లీ ఇంకో నేల లేపడం. లేని జబ్బుకు మందు వేసుకుంటున్నాం. మందు అన్నాక దాని దోషాలు దానికి ఉంటాయి.

మొదటి వాదన ఎండ గురించి. రాయి కాలుతుంది, డెక్ కాలదు అంటున్నారు. రెంటచింతల ఉన్న జిల్లాలో ఎండ గురించి తేలిగ్గా మాట్లాడకూడదు. వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ ఉష్ణోగ్రతల వార్త రాగానే ముందు వినిపించే పేర్లలో ఆ ఊరిది ఒకటి. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. అది నీడలో కొలిచిన గాలి వేడి. ఎండలో ఉన్న నేల వేడి వేరే లెక్క. అది నేల రంగును బట్టి, ఎంత వెలుతురు వెనక్కి కొడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ముదురు గోధుమరంగు, బొగ్గురంగు డబ్ల్యూపీసీ పలక నడివేసవి ఎండలో 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. మరి షాపులో ఎక్కువగా అమ్ముడుపోయేది ఏ రంగు? టేకు రంగు, వాల్‌నట్ రంగు. ఎండ గట్టిగా ఉన్నప్పుడు పలకలు బాగా వేడెక్కుతాయని, వట్టి చర్మం ఎక్కువసేపు తగలనివ్వవద్దని అమెరికా తయారీదారులే తమ సూచనల్లో రాసుకుంటారు. ఆ కాగితం ఇక్కడి షాపుదాకా రాలేదు. దానికి తోడు మనం మేడ మీద చెప్పులు లేకుండా తిరిగే జనం.

ఇక్కడ రాయి తరఫున అబద్ధం చెప్పబోను. రాయి, ప్లాస్టిక్ పలక రెండూ ఒకే వేడిలో ఉంటే రాయే ఎక్కువ కాలుస్తుంది. రాయిలో వేడి చురుగ్గా ప్రయాణిస్తుంది కాబట్టి పాదానికి త్వరగా ఎక్కుతుంది. ప్లాస్టిక్, చెక్క ఆ పని నెమ్మదిగా చేస్తాయి. లేత బూడిదరంగు నాపరాయి ముదురు పలక అంత వేడెక్కదు, అది దాని వైపు మాట. అయినా నడిమధ్యాహ్నం నెత్తిన నీడ లేని నాపరాయి మీద కాలు పెట్టలేం. అదీ ఒప్పుకోవాలి.

కానీ డెక్ అమ్మేవాళ్లు దీని రెండో సగం చెప్పరు. ఎండలో కాలిని కాల్చే ఆ గుణమే నీడలో కాలిని చల్లబరుస్తుంది. వసారాలో నేల మీద పరిచిన బండ రాత్రంతా చల్లబడి ఉంటుంది. దానికి బరువుంది, కింద మట్టి ఉంది, అందుకని పగలు గాలితో పాటు పరిగెత్తి వేడెక్కదు. మధ్యాహ్నం గాలి 43 డిగ్రీలున్నా నీడలోని బండ దానికి బాగా వెనకబడే ఉంటుంది. అది ఒంటి వేడి కంటే తక్కువగా ఉన్నంతసేపూ దాని మీద కాలు పెడితే ఒంట్లో వేడిని చురుగ్గా లాగుతుంది. మన పెద్దవాళ్లు మధ్యాహ్నం పూట చాప కూడా వేసుకోకుండా వసారా బండ మీద నడుం వాల్చింది ఊరికే కాదు. ప్లాస్టిక్ పలకకు ఆ బరువు లేదు. కింద బోలు. నీడలో ఉన్నా త్వరగా గాలి వేడికి వచ్చేస్తుంది. 43 డిగ్రీల గాలిలో దాని నేల కూడా దాదాపు అంతే. పైగా వేడిని లాగే గుణం తక్కువ కాబట్టి ఎంతసేపు పడుకున్నా చల్లదనం తెలియదు.

అంటే ఎండ ప్రశ్నకు జవాబు సరుకులో లేదు, నీడలో ఉంది. నేల మీద పెట్టాలనుకున్న డబ్బులో సగం పైన పెట్టండి. తాటాకు పందిరి వేయండి, పెంకులు పరచండి, తీగ పాకించండి. నీడ వచ్చాక రాయి గెలుస్తుంది. నీడ లేకపోతే రాయీ ఓడుతుంది, డెక్కూ ఓడుతుంది. డెక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టి మరీ ఓడతారు, అదొక్కటే తేడా.

రెండో వాదన నీళ్ల గురించి. ఆగస్టు నుంచి నవంబరు దాకా మనకు ముసుర్లు, తుపాన్లు, ఆరని బట్టలు. ఈ తేమకు చెక్కయితే కుళ్లుతుంది, డబ్ల్యూపీసీకి ఏమీ కాదంటారు. ప్లాస్టిక్ కుళ్లదు, నిజమే. కానీ పేరులోనే ఉన్నట్టు అందులో చెక్కపొడి ఉంది. కొన్ని రకాల్లో వరి ఊక పొడి ఉంటుంది. నాసిరకం పలకల్లో ప్లాస్టిక్ ఆ పొడిని పూర్తిగా కప్పదు. కోసిన చివర్ల దగ్గర నీళ్లు పీలుస్తుంది, నల్లని బూజు మచ్చలు వస్తాయి. మంచి రకంలో ఈ బాధ తక్కువ. మంచి రకం ధర విన్నాక మనవాళ్లు కొనేది ఏ రకమో చెప్పనక్కర్లేదు.

అంతకంటే పెద్ద సంగతి పలక కింద జరుగుతుంది. నరసరావుపేటలో ఒక ఇంటి మేడ మీద రెండేళ్ల కిందట వేయించిన డెక్‌ను విప్పుతుంటే చూశాను. కింది గదిలో కప్పు కారుతోందని విప్పించారు. క్లిప్పులు తుప్పు పట్టి స్క్రూలు తిరగలేదు. పలకకు, పలకకు మధ్య వదిలిన సందుల్లోంచి దుమ్ము దిగి, వాననీళ్లతో కలిసి, కింద బెత్తెడు మందాన బురదగా పేరుకుంది. అందులో వేపాకు, మిరప తొడిమలు, అగరుబత్తి పుల్లలు, పిల్లల పెన్ను మూత. నీళ్లు పోయే తూము దగ్గర ఆ బురద గట్టు కట్టింది. మూడో పలక లేపగానే ఒక తేలు, నాలుగైదు జెర్రులు. కప్పు ఎందుకు కారిందో వెతకనే అక్కర్లేదు. డెక్ కింది చట్రం కదలకుండా ఉండాలని కప్పులోకి డ్రిల్లు వేసి బోల్టులు దించారు. నీళ్లు దిగకుండా వేయించిన పూతకు వాళ్లే చేతులారా కన్నాలు పెట్టుకున్నారు. ఆ కన్నాల చుట్టూ నీళ్లు నిలబడేలా పైన మూత కూడా పెట్టుకున్నారు.

ఇది ఒక్క ఇంటి పనితనం లోపం అనొచ్చు. కానీ సందులు ఆ పద్ధతిలో తప్పనిసరి. ఎందుకో లెక్క వేసి చూడండి. ప్లాస్టిక్ కలిసిన పలక వేడికి బాగా సాగుతుంది. మూడు మీటర్ల పలక జనవరి తెల్లవారుజాముకు, మే మధ్యాహ్నానికి మధ్య 45 డిగ్రీల తేడా చూసిందనుకుంటే, దాని పొడవు అయిదు మిల్లీమీటర్ల పైమాటే మారుతుంది. సందు వదలకపోతే పలక విల్లులా లేస్తుంది. వదిలితే దుమ్ము దిగుతుంది. రెండు అడుగుల నాపరాయి అదే తేడాకు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా సాగదు. దాన్ని సిమెంటుతో మూసిన సన్న సందు చాలు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, ఇది ఏ కేటలాగులోనూ ఉండదు. పల్నాడులో మేడ అంటే సాయంత్రం టీ తాగే చోటు మాత్రమే కాదు. అది పని చేసే నేల. మాఘమాసం దాటాక పందిరి వదిలిన భాగంలో మిరపకాయలు ఎండాలి. వడియాలు, మాగాయ ముక్కలు, చింతపండు, కందులు, శనగలు అక్కడే ఎండాలి. చీపురుతో ఊడ్చి, చేటలోకి ఎత్తుకోవాలి. సందులున్న నేల మీద కందులు పోసి చూడండి, చేటలోకి వచ్చేవి ఎన్నో, పలకల కింద ఎలుకలకు పోయేవి ఎన్నో తెలుస్తుంది. బట్ట పరుచుకోవచ్చు కదా అంటారు. అంత ఖర్చు పెట్టి వేయించిన నేలను మళ్లీ బట్టతో కప్పుకోవాల్సి వస్తే ఆ నేల ఎందుకు?

మూడో వాదన, నాపరాయి జారుతుంది, నాచు పడుతుంది అని. ఇది విన్నప్పుడల్లా ఒకటే అడగాలనిపిస్తుంది. ఏ నాపరాయి? క్వారీలో పొర విడిపోయి వచ్చినప్పుడు ఆ రాయి ముఖం చేతికి సన్నగా గరుకు తగులుతుంది. తడిసినా కాలికి పట్టు దొరుకుతుంది. దాన్ని తీసుకెళ్లి మిషన్ మీద అద్దంలా నున్నగా రుద్దించి, గృహప్రవేశం ఫొటోల్లో మెరవాలని వాకిట్లో, మెట్ల మీద పరిచింది మనం. వానకు తడిశాక ముసలావిడ జారి పడితే రాయిని తిట్టింది కూడా మనమే. ఆ మాటకొస్తే నున్నటి విట్రిఫైడ్ టైలు తడిలో అంతకంటే ఏం తక్కువ జారుతుంది? ఇంట్లో పాలిష్ బండ, బయట రఫ్ బండ అన్న ఒక్క తేడా పాటిస్తే ఈ వాదనలో సగం అక్కడే పోతుంది.

మిగతా సగం నాచు. నాచు రాయిని చూసి రాదు, నిలబడ్డ నీళ్లను చూసి వస్తుంది. నీళ్లు నిలబడడం వాలు లేకపోవడం వల్ల. పది అడుగులకు అంగుళం పైచిలుకు వాలు ఉంటే నీళ్లు ఆగవు. మంచి తాపీ మేస్త్రీ ఏం చేస్తాడో చూడండి. లెవల్ పైపుతో నాలుగు మూలలా గుర్తులు పెడతాడు. తూము వైపు దారం దించి కడతాడు. బండ దించాక చెక్క సుత్తితో తట్టుకుంటూ పోతాడు. ఎక్కడ డొల్ల శబ్దం వస్తే అక్కడ బండ మళ్లీ లేపి కింద మాలు సర్దుతాడు. వరస అయ్యాక ఒక చెంబు నీళ్లు పైగట్టున కుమ్మరించి, చేతులు కట్టుకుని నిలబడతాడు. నీళ్లు తూము దాకా తడబడకుండా పోతే సరే, మధ్యలో ఎక్కడన్నా అరచేతంత మడుగు కడితే ఆ బండ లేవాల్సిందే. చెంబెడు నీళ్ల ఈ పరీక్ష చేయించని ఇంటివాళ్లు తర్వాత నాచు గురించి రాయి మీద ఫిర్యాదు చేసే హక్కు పోగొట్టుకున్నట్టే.

నాలుగోది కాస్త గట్టి వాదన. నాపరాయి పొరలు లేస్తుంది, పొడి రాలుతుంది, మచ్చలు పడుతుంది అంటారు. ఇందులో నిజం ఉంది కాబట్టి నిలబడి జవాబు చెప్పాలి. సున్నపురాయికి ఇద్దరు శత్రువులు. ఒకటి ఉప్పు, రెండు ఆమ్లం. అమరావతి స్తూపం శిల్పాలు ఈ పల్నాటి సున్నపురాయివే. వాటిలో చెన్నై మ్యూజియంలో గోడలో సిమెంటుతో పొదిగిన వాటికి తేమ, ఉప్పు చేరి ముఖం పొరలుగా రాలడం చాలాకాలంగా పురావస్తు నిపుణులను కలవరపెడుతున్న సంగతి. మన వాకిట్లోనూ అదే జరుగుతుంది. కింద నుంచి చెమ్మ ఎక్కుతుంది, ఉప్పునీటి బోరుతో రోజూ కడుగుతాం, నీళ్లు ఆరతాయి, ఉప్పు రాతిలో మిగులుతుంది. తెల్లగా పూత పూస్తుంది, తర్వాత పొర లేస్తుంది. దీనికి మందు ఉంది. కింద కంకర, ఇసుక వేసి చెమ్మ ఎక్కకుండా చూడాలి. రాయి మీద మెరిసే లక్క పూతలు వేసి దాని ఊపిరి ఆపకూడదు. తడిగుడ్డతో, మంచినీళ్లతో తుడిస్తే చాలు.

ఆమ్లం సంగతి మరీ ఘోరం. ఇల్లు అప్పగించే ముందు సిమెంటు మరకలు పోవాలని పనివాళ్లు బకెట్టులో యాసిడ్ కలిపి బండల మీద పోస్తారు. బుసబుసా నురగ వస్తుంది. మురికి పోతోందని ఇంటివాళ్లు సంతోషిస్తారు. ఆ నురగలో పోతున్నది మురికి కాదు, రాయే. సున్నపురాయి ఆమ్లంలో కరుగుతుందని బడిలో చదువుకున్నదే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అప్పటిదాకా గట్టిగా ఉన్న ముఖం ఆ రోజుతో గుల్లబారుతుంది. తర్వాత పడే ప్రతి నూనె చుక్కా లోపలికి ఇంకుతుంది. నాపరాయికి చెడ్డపేరు తెచ్చినవాటిలో ఈ యాసిడ్ బకెట్టుది పెద్ద వాటా.

ఎంపికలో జాగ్రత్త కూడా కావాలి. లారీ దిగిన బండలన్నీ ఒకటి కావు. అంచు వైపు నుంచి చూడండి. మధ్యలో మట్టిరంగు గీత సన్నగా పోతుంటే అది రేపు విడిపోయే పొర. వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే తీసుకోండి, మెత్తగా మోగితే పక్కన పెట్టండి. బయటకు అంగుళం కంటే పలచనిది వద్దు. ఇంత చూసి కొన్న రాయి ఎన్నేళ్లు ఉంటుందంటే, వారంటీ కార్డుతో చెప్పే లెక్క కాదు. ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో వాళ్ల రాజధాని విజయపురిలో చైత్యాలకు, స్తూపాల ఆయక స్తంభాలకు, కృష్ణ ఒడ్డున స్నానఘట్టానికి వాడింది ఈ సున్నపురాయే. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోతాయని 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసి, కొన్నింటిని నాగార్జునకొండ మీద తిరిగి నిలబెట్టారు. ఇవాళ లాంచీ ఎక్కి వెళ్లి చూడవచ్చు. 1,700 ఏళ్ల తర్వాత కూడా ఉలి గీత కనిపిస్తుంది. పదేళ్ల వారంటీ, అందులో సగం షరతులు ఉన్న పలకను చూపించి ‘మన్నిక’ అనేవాళ్లు ఆ లాంచీ ఒకసారి ఎక్కాలి.

మన్నిక అంటే పాడవకపోవడం ఒక్కటే కాదు, పాడైతే బాగుచేసుకోగలగడం కూడా. బండ పగిలితే గురజాలలో ఏ మేస్త్రీ అయినా పూటలో తీసి కొత్తది వేస్తాడు. ఆ కొలత బండ ఇరవై ఏళ్ల తర్వాత కూడా దొరుకుతుంది. డెక్ పలక పగిలితే అదే కంపెనీ, అదే గాడి, అదే రంగు కావాలి. అయిదేళ్లలో మోడల్ మారుతుంది. పాత పలకలు ఎండకు వెలిసి ఉంటాయి, కొత్తది అతుకు వేసినట్టు కనిపిస్తుంది. తీసేసిన పలకను ఏం చేస్తారు? అందులో చెక్క, ప్లాస్టిక్ విడదీయరానంతగా కలిసి ఉన్నాయి. పాత సామాను కొట్టువాడు తీసుకోడు, పొయ్యిలో పెట్టకూడదు. తీసేసిన బండ మాత్రం పెరట్లో కాలిబాట అవుతుంది, నీళ్ల కుండ కింద పీట అవుతుంది.

విట్రిఫైడ్ టైలు గురించి వేరే పెద్ద వాదన అక్కర్లేదు. అది 0.5 శాతం కూడా నీళ్లు పీల్చదని గొప్పగా చెబుతారు. ఆ గుణం వల్లే మామూలు సిమెంటు మాలు దానికి సరిగా అంటుకోదు. ప్రత్యేకమైన జిగురుతో అతికించి, సందులు వదిలి వేయాలి. మన దగ్గర పాత అలవాటు ప్రకారం మాలు మీద, సందు లేకుండా గట్టిగా బిగించి వేస్తారు. రెండు వేసవులు దాటేసరికి ఎండకు సాగిన టైళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుని ఒకరోజు ఢామ్మని గుడారంలా లేస్తాయి. లోపలి గదుల్లో అది బాగానే ఉంటుంది. అక్కడే ఉండనివ్వండి.

రాయి ఎక్కడ వద్దో కూడా చెప్పకపోతే నా వాదన అమ్మకందారు వాదనలాగే ఉంటుంది. అంగుళం బండ, కింద రెండు అంగుళాల మాలు కలిపి చదరపు అడుగుకు 15 కిలోలకు పైగా బరువు పడుతుంది. పదడుగుల చదరంలో అది ఒకటిన్నర టన్ను పైమాటే. కొత్త ఇల్లయితే ఇంజనీరుకు ముందే చెబితే చాలు. పాతిక, ముప్ఫై ఏళ్ల నాటి కప్పు మీద, బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ మీద అడగకుండా వేయకూడదు. అలాంటి చిన్న బాల్కనీకి, నీడలో, లేత రంగు డెక్ పలకలు కన్నాలు వేయకుండా పరుచుకుంటే నేను అడ్డు చెప్పను. నీడకు వీలే లేని డాబా ఉంటే, దాని మీద తిరగడం తక్కువైతే, తెల్ల టైలు ముక్కల మొజాయిక్ అన్నిటికన్నా మేలు. అది ఎండను వెనక్కి కొట్టి కింది గదిని కాపాడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది ఈ సూత్రం మీదే. మంచి టేకు కూడా నిలుస్తుంది, కానీ ఏటా నూనె పట్టించాలి, మన చెదల మీద కన్నేసి ఉంచాలి, ధర భరించాలి.

క్వారీల సంగతి దాటవేయడం కూడా న్యాయం కాదు. పల్నాడులో సున్నపురాయి అక్రమ తవ్వకాలు కోర్టుల దాకా వెళ్లాయి. పూడ్చకుండా వదిలేసిన గుంతలు, పాలిష్ మిషన్ల తెల్లటి బురద, దుమ్ములో ముక్కుకు గుడ్డ కూడా లేకుండా పనిచేసే కూలీలు మన కళ్లముందే ఉన్నారు. దీనికి సమాధానం రాయి మానేసి ప్లాస్టిక్ కొనడం కాదు. ప్లాస్టిక్ ఫ్యాక్టరీ మన కంటికి కనిపించదు, అంతే తేడా. పర్మిట్ ఉన్న క్వారీ రాయే అడగడం, తడి కోత, ముఖానికి మాస్కు, గుంత పూడిక లేకపోతే లీజు రద్దు చేయమని నిలదీయడం, ఇవీ చేయాల్సినవి. పైగా బయటి నేలకు రఫ్ బండ చాలంటున్నాను కదా. పాలిష్ తగ్గితే ఆ బురద కూడా తగ్గుతుంది.

సొంత జిల్లా సరుకన్న మమకారంతో ఇదంతా రాయడం లేదు. మాచర్ల రాయి ఇక్కడ పనికిరానిదైతే పనికిరాదనే రాసేవాణ్ని. చదరపు అడుగు పదుల రూపాయల్లో దొరికే రాయిని కాదని, వందల్లో పలికే పలక కొనమంటున్నప్పుడు రుజువు చూపించాల్సిన బాధ్యత కొనమనేవాడిది. కాబట్టి ఈసారి డెక్ కేటలాగు ముందుకు తోస్తే అతన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఈ పలక మీద వట్టికాలితో నిలబడి చూపిస్తావా? కప్పులో కన్నం వేయకుండా బిగిస్తావా? పదేళ్ల తర్వాత ఇదే పలక ఒక్కటి తెచ్చి ఇస్తావా? దీని మీద కందులు ఆరబోసుకుంటే గింజ పోకుండా ఎత్తుకోవచ్చా? నాలుగింటికీ అవునంటే నిరభ్యంతరంగా కొనండి.

జిల్లా యంత్రాంగాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 2022లో పల్నాడు జిల్లా అయింది. నరసరావుపేట కేంద్రమైంది. కొత్త కార్యాలయాలు, పార్కులు, బస్టాండ్ల ముంగిళ్లు, బడి వసారాలు కడుతూనే ఉన్నారు, ఇంకా కడతారు. వాటి అంచనాల్లో బయటి నేలకు పాలిష్ లేని నాపరాయి, పైన నీడ అని రాయడానికి అడ్డేమిటి? సర్కారు బడి పిల్లలు వసారాలో నేల మీద కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తారు. వాళ్లకు చల్లగా తగిలే నేల వేయడానికి పరాయి సరుకు, పరాయి సలహా అవసరం లేదు. అంచనా కాగితంలో ఒక గడి మార్చి రాస్తే చాలు, రాయి రావాల్సింది మాచర్ల నుంచి.